కాస్త గట్టిగా చెప్పు బాబూ

మా మేనత్త చనిపోయిన సంగతి తెనాలి స్టేషన్లో, ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె చెబితే నాకు తెలిసింది. అప్పటికే ఆమెను మట్టి చేసి రెండు రోజులైంది.

బాపట్లలో క్లాసులు ముగించుకుని, చుండూరు దగ్గర సిగ్నలు లేక చాలాసేపు ఆగిపోయిన పాసింజరులోంచి దిగాను. కాళ్ళు లాగుతున్నాయి. రేపల్లె బండి కోసం కూర్చున్న ఆడవాళ్ళలోంచి “అమ్మాయిగారూ” అని పిలుపు వినిపించింది. చూస్తే నాంచారమ్మ, మా అత్తయ్య ఊరి మనిషి. పొద్దున బండికి చేపలు తెచ్చి తెనాలి వీధుల్లో తిరిగి అమ్ముకుని, సాయంత్రం బండికి వెనక్కి వెళుతుంది. ఆమె ఒక్క కేక వేస్తే మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వినపడుతుంది. ఆ సాయంత్రం మాత్రం గొంతు తగ్గించింది.

“ఏంటమ్మా, మొన్న నువ్వు రాలా? పెట్టె మూసేదాకా నీకోసం చూశాం.”

“ఏ పెట్టె నాంచారమ్మా?”

ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చేపల నీచు, తమలపాకు వాసన. “మెంబరమ్మ పోయిందమ్మా. నీకు కబురందలా?”

అందలేదు. తెనాలికి మారకముందు బాపట్లలో నేనుండి, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటికి టెలిగ్రాం వెళ్ళిందట. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే, నాంచారమ్మ చెప్పిన మర్నాడు ఎవరి చేతనో కాలేజీకి పంపించారు. ఎవరిని తప్పుపట్టాలి? చెప్పిన మాట అవతలివాళ్ళ చెవిన పడాలని అంత తాపత్రయపడ్డ మనిషి. తన చివరి కబురు తను పెంచిన పిల్లకే చేరకుండా వెళ్ళిపోయింది. ఆమె ఉంటే నవ్వేదేమో. ఏమో, నవ్వేది కాదేమో కూడా.

ఆ ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో ఉంటుంది. పేరు రాయను. రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అమ్మ పోయాక నన్ను అక్కడ అత్తయ్య దగ్గర వదిలారు. మామయ్య అంతకు చాలా ముందే పోయాడు. ఆమె మిషను బడిలో చిన్న తరగతుల టీచరు. తెల్లచీర, ఇనుప ఫ్రేము కళ్ళజోడు, గొడుగు. గొడుగు వానకీ ఎండకీ కాదు, కుక్కలకి. బడిలో వెనక బల్లవాడికి వినపడకపోతే చెప్పిన పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. “చెప్పడం వేరే, వినపడేట్టు చెప్పడం వేరే” అనేది. అప్పుడు అది నాకు ఒక టీచరు చాదస్తంలా ఉండేది. ఇప్పుడు నేనూ టీచరునే, క్లాసులో వెనక బల్లల వైపు చూడటం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

ఆమె రిటైరయిన కొత్తలో, అంటే పందొమ్మిది వందల అరవైల మధ్యలో, పంచాయతీ బోర్డులో ఆడవాళ్ళకు సీటు ఉండాలన్నారు. ఊళ్ళో పెద్దలు ఆలోచించి, నెమ్మదస్తురాలని, ఎవరి జోలికీ పోదని ఈమెను ఎంచారు. అడగడానికి ప్రెసిడెంటుగారే వచ్చారు. ఆయన మూడో తరగతిలో ఆమె దగ్గర చదివాడు. పంచె సర్దుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మీరేం శ్రమ పడక్కర్లేదండి టీచరమ్మగారూ. నెలకోసారి మీటింగు. వచ్చి సంతకం పెడితే చాలండి.”

“చదివి పెట్టాలా, చదవకుండా పెట్టాలా బాబూ?”

“అబ్బే, మీ ఇష్టమండి,” అన్నాడు ఆయన. ఆ మాటకు తర్వాత చాలాసార్లు నాలిక కరుచుకుని ఉంటాడు.

మొదటి మీటింగు నుంచి వచ్చి అత్తయ్య నాతో చెప్పినవి రెండు సంగతులే. ఒకటి, ఆఫీసు గది కిటికీలు వీధిలోకి ఉన్నా దుమ్ము వస్తుందని ఎప్పుడూ మూసే ఉంచుతారట. రెండు, ఊరికి తెలియాల్సినవన్నీ లోపలి గోడకున్న నోటీసు బోర్డుకి అంటిస్తారట. ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా అని మొదలై, గడువులోగా అభ్యంతరములు రాని యెడల అందరూ సమ్మతించినట్లు భావింపబడును అని ముగుస్తుంది. ఆ బోర్డు చూడాలంటే గుమాస్తా బల్ల దాటి వెళ్ళాలి.

“గోడకి అంటిస్తే గోడకి తెలుస్తుందే,” అంది కాఫీ గ్లాసు తిప్పుతూ. “జనానికెలా తెలుస్తుంది?”

నేను యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివి, స్థానిక స్వపరిపాలన మీద నోట్సు డిక్టేట్ చేస్తున్న రోజులవి. అది చాలా దేశాల్లో ఉన్న సమస్యే అత్తయ్యా అని ఏదో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “అయితే వాళ్ళేం చేశారు?” అంది. వాళ్ళేం చేశారో నా పుస్తకాల్లో లేదు. ఉన్నా నాకు గుర్తులేదు.

తర్వాతి మీటింగుకు ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఉక్కగా ఉందని కిటికీ తెరిపించింది. ఆ తర్వాత ఆమెకు చెవుడు వచ్చింది.

ఇంట్లో లేదు ఆ చెవుడు. వంటింట్లో పాలు పొంగబోతుంటే ముందు గదిలోంచి లేచి వచ్చేది. గోడ అవతల పక్కింటి కోడలు ముక్కు చీదితే, “ఆ పిల్లకి మళ్ళీ జలుబు చేసినట్టుంది” అనేది. పంచాయతీ ఆఫీసు గుమ్మం దాటగానే మాత్రం అరచెయ్యి చెవికి ఆనించుకుని, “ఏంటి? కాస్త గట్టిగా చెప్పు బాబూ” మొదలు. తన టీచరు. తన చేత గుణింతాలు దిద్దించిన మనిషి. ప్రెసిడెంటుగారు ఏం చెయ్యగలడు? గొంతు పెంచేవాడు. నెల నెలా కిటికీ కింద, ఎదురుగా సోడా కొట్టు చపటా మీద మనుషులు పోగవడం మొదలుపెట్టారు. సోడాలు బాగా అమ్ముడుపోయేవని కొట్టాయన అత్తయ్యను ఎంతో అభిమానించేవాడు.

ఒకసారి సెలవులకు వెళ్ళి ఉన్నాను. ఆ సోడా కొట్టు దగ్గర నిలబడి నా చెవులతో నేనే విన్నాను కాబట్టి ఇది రాయగలను. బస్సులాగే చోట, పాత సత్రం గోడ నీడన నాంచారమ్మా ఇంకొందరు ఆడవాళ్ళూ చేపలు అమ్ముకునేవాళ్ళు. బస్సు కోసం నిలబడేవాళ్ళకు నీచు వాసన వస్తోందని ఫిర్యాదు. అది అబద్ధం కాదు, వచ్చేది. వాళ్ళను ఊరవతల, మురుగు కాలవ పక్కకు మార్చాలని తలపెట్టారు. అక్కడికి ఏ బస్సూ రాదు, ఏ ఇల్లాలూ నడవదు. నోటీసు అంటించారు, గడువూ అయిపోవచ్చింది. చదువు రాని ఆ ఆడవాళ్ళకు ఈ సంగతే తెలియదు.

ప్రెసిడెంటుగారు కాగితం చూసి గొణుగుతున్నట్టు చదివాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మా అత్తయ్య గొంతు.

“ఏంటి బాబూ? ఎవరిని మారుస్తారు?”

“చేపల వాళ్ళనండి.”

“గట్టిగా.”

“చేపల వాళ్ళనండీ!”

“ఎక్కడికి?”

“కాలవ అవతలికండీ!”

“వాళ్ళకేం అభ్యంతరం లేదా?”

“ఎవరికీ లేదండీ!” అని ఆయన అరిచిన అరుపు వీధి మలుపు దాకా వినపడి ఉంటుంది.

కిటికీ కింద నిలబడ్డ నాంచారమ్మ గంప దించింది. “ఎవరు చెప్పారయ్యా లేదని? మమ్మల్నెవరన్నా అడిగారా? నీ పెళ్ళాం పొద్దున నా దగ్గరేగా బొమ్మిడాయిలు కొన్నది, అప్పుడు రాలేదా వాసన?”

సోడా కొట్టు దగ్గర నవ్వులు. అప్పుడు లోపల్నుంచి అత్తయ్య, చాలా మామూలుగా, “బయట ఎవరో ఏదో అంటున్నట్టున్నారు. నాకు వినపడదు కదా, మీరే పిలిచి కనుక్కోండి” అంది.

పిలిచారు. ఆ ఆడవాళ్ళు చీరకొంగులు నడుముకు దోపుకుని లోపలికి వెళ్ళారు. ఆ ఆఫీసులోకి వాళ్ళు పోవడం అదే మొదలట. పోట్లాట కాలేదు. పొద్దుటి పూట మాత్రం అక్కడే అమ్ముకునేట్టు, లేచేటప్పుడు నేల వాళ్ళే కడిగి పోయేట్టు ఒప్పుకున్నారు. ఒప్పందం అంత సులువుగా కుదిరేదైతే ముందే ఎందుకు అడగలేదని నాకు అనిపించింది. ఆ ప్రశ్న ప్రెసిడెంటుగారికీ తోచిందనుకుంటాను. ఆ తర్వాత ఏదైనా చెయ్యబోయే ముందు ఆయనే బస్సుల దగ్గరికి, పంపుల దగ్గరికి నడిచి వెళ్ళి చెప్పడం చూశామని చాలామంది అన్నారు.

అయినా ఆయనకు ఉక్రోషం పోలేదు. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. నేను కాఫీ ఇచ్చాను.

“మీటింగు సంగతులు బజారున పడుతున్నాయండి టీచరమ్మగారూ.”

“బజారు వాళ్ళ సంగతులేగా బాబూ అవి.”

ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. “ఒక్క నిజం చెప్పండి. మీకు వినపడదా, వినపడుతుందా?”

అత్తయ్య అరచెయ్యి చెవికి ఆనించింది. “ఏంటి?”

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. చివరికి ఆయనే నవ్వాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “నన్ను చిన్నప్పుడూ ఇంతే ఏడిపించారండి” అని అరిచి వెళ్ళాడు. పాపం, మొన్న పెట్టెకు భుజం పట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడట.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆపుతారు. కానీ మనిషి ఆ తర్వాత కూడా బతికింది.

డెబ్బైల్లో ఆ పంచాయతీ బోర్డు గడువు ముగిసింది. ఎన్నికలు ఇవాళ రేపు అంటూ జరగలేదు. పెత్తనం ఒక ఆఫీసరుగారి చేతికి వచ్చింది. మర్యాదస్తుడు, వారానికి ఒకటి రెండుసార్లు జీపులో వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. మీటింగులు లేవు కాబట్టి కిటికీ తెరవాల్సిన పని లేదు. నోటీసు బోర్డుకు తలుపు బిగించి తాళం వేశారు, కాగితాలు చింపుతున్నారని. ఒక రోజు పొద్దున చేపల వాళ్ళు వచ్చేసరికి సత్రం గోడ పొడుగునా ముళ్ళకంచె ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. కాలవ పక్కన కొన్నాళ్ళు కూర్చుని చూసి, బేరాలు లేక, ఒక్కొక్కరే తలో దారి పట్టారు. నాంచారమ్మ తెనాలి బండెక్కింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తయ్యకు నిజంగా చెవుడు వచ్చిందని నేను అనుకుంటాను. అనుకుంటాను అనే అంటున్నాను. ఆదివారం చర్చిలో పాట అయిపోయి అందరూ కూర్చున్నాక కూడా ఆమె ఒక్కతే నిలబడి ఇంకో చరణం పాడుతూ ఉండేది. ముందు బల్లల్లో పిల్లలు నవ్వేవాళ్ళు. పాస్టరుగారు ఆమె చరణం పూర్తయ్యేదాకా బైబిలు తెరవకుండా ఓపిగ్గా ఆగేవారు. నా కళ్ళతో చూశాను.

కానీ ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. “మెంబరమ్మకి చెవుడా? మాకు తెలవదా ఏంటి!” అని కళ్ళు చికిలించేవాళ్ళు. ఏదైనా రహస్యం చెప్పాలంటే ఆమె దగ్గరకొచ్చి మరీ మెల్లగా చెప్పేవాళ్ళు, మీకు వినపడుతుందని మాకు తెలుసులెండి అన్నట్టు. కంచె సంగతి అడగడానికి ఆమె గొడుగు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసరుగారు మెత్తగా ఏదో చెప్పారు. ఆమె అరచెయ్యి చెవికి పెట్టుకుంది. గుమాస్తా నవ్వు దాచుకుని, “ఆవిడకి బాగా వినపడుతుందండి, అలా అంటారంతే” అని ఆయన చెవిలో చెప్పాడట. ఆయన మళ్ళీ అంతే మెత్తగా చెప్పి జీపెక్కారు. ఏం చెప్పారో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

తెనాలిలో చెవుల డాక్టరుకు చూపిస్తానన్నాను. చేత్తో రాసి చూపించాను కూడా, గొంతు అరిగిపోయి. “ఎందుకే,” అంది. “ఇప్పుడు వినాల్సినవి ఏం చెప్తున్నారని?” ఆమె అలసట మాట అన్నది నాకు గుర్తున్నంతలో అదొక్కటే. ఆ ఏడాది క్లాసులో స్థానిక స్వపరిపాలన పాఠం వచ్చినప్పుడు, ప్రజలకూ పాలకులకూ మధ్య అని మొదలైన వాక్యం దగ్గర నా నోరు ఆగింది. పిల్లలు కలాలు ఎత్తి చూశారు. మిగతాది డిక్టేట్ చేశాను. పరీక్షలో వస్తుంది కదా.

జ్ఞాపకార్థ కూడిక శనివారం పెట్టారు. వెళ్ళాను. ప్రార్థన అయింది, భోజనాలు అయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అత్తయ్య ముందు గదిలో, ఆమె కుర్చీలో కూర్చున్నాను. వీధి వైపు కిటికీ మూసి ఉంది. కిటికీకి ఆనుకుని ఉండే ఆ కుర్చీ చేతుల మీద, అరచేతులు ఆనేచోట, రంగు పోయి కర్ర కనిపిస్తోంది. గూట్లో కళ్ళజోడు. మూల గొడుగు.

సాయంత్రం బండి కూత వినపడింది. ఇంకాస్త సేపటికి బయట అడుగుల చప్పుడు, గంప కింద పెట్టిన చప్పుడు. తర్వాత, ఆ గొంతు.

“మెంబరమ్మా! రేపు పంపు రాదంట! ఎల్లుండి పొద్దున ఒదులుతారంట!”

మట్టి చేసేటప్పుడు అక్కడే ఉన్న మనిషి. నాకు కబురు చెప్పిన మనిషి. మతి తప్పిందా అనుకున్నాను. పక్కింటి కోడలు తమ గుమ్మంలోనే ఉంది. తలుపు సందులోంచి ఆమెను అడిగాను.

“మీరు రావడం తగ్గాక రోజూ ఇంతేనండి వదినగారూ,” అంది ఆమె. “మెంబరమ్మగారికి ఎవరి మాటా వినపడదు, ఈవిడ గొంతొకటే వినపడేది. ‘స్టేషను నుంచి పంచాయతీ ఆఫీసు ముందు నుంచేగా వస్తావు, గుమాస్తాని అడిగి రా’ అని మెంబరమ్మగారే ఈవిడకి పురమాయించారు. ఆయన మెంబరమ్మగారి కోసమని చెప్తాడు. ఈవిడొచ్చి కిటికీ దగ్గర అరుస్తుంది. మా వీధికి పంచాయతీ కబుర్లన్నీ అలా తెలియాల్సిందేగా.”

“అత్తయ్య ఏమనేది?”

“వీధి దీపం ఎప్పుడేస్తారో రేపు అడుగు, మందు చల్లేవాళ్ళు ఎప్పుడొస్తారో అడుగు అని ఆవిడా అరిచేవారు. ఒక్కోసారి వినపడలేదని ఇంకోసారి చెప్పించుకునేవారు. రెండోసారి చెప్తే ఆ చివరి ఇళ్ళకి కూడా వినపడేదండి.”

నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. చర్చిలో ఒంటరిగా పాడిన ఆ చరణం నిజం. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. చెప్పగలనా? ఆమెకు వినపడేదా, వినపడేది కాదా అన్నది ఇక తేలదు. తేల్చుకునే ఓపికా నాకు లేదు.

కిటికీ అవతల నాంచారమ్మ గంప ఎత్తుకోలేదు. లోపలి నుంచి ఏదో వినాల్సి ఉన్నట్టు అలాగే నిలబడి ఉంది. వీధిలో దగ్గరి ఇళ్ళ ఆడవాళ్ళు రేపటి నీళ్ళు ఇప్పుడే పట్టుకోవాలని బిందెలు తీసుకుని పంపు వైపు వెళుతున్నారు. దూరపు ఇళ్ళ తలుపులు మూసే ఉన్నాయి.

గడియ తీసి కిటికీ రెక్కలు తోశాను. నాంచారమ్మ నన్ను చూసింది. తడబడలేదు, కళ్ళు తుడుచుకోనూ లేదు. నేను అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

“ఏంటి నాంచారమ్మా? కాస్త గట్టిగా చెప్పు.”

ఆమె వీధి చివరికి తిరిగి, ఊపిరి నిండా పీల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అక్కడ ఒక తలుపు తెరుచుకుంది. ఆ పక్కది తెరుచుకుంది. ఖాళీ బిందెల చప్పుడు ఆ చివర నుంచి మా వైపు వస్తోంది.